ఇంటూ గుర్తు పడ్డ తలుపులు

పల్స్ పోలియో ఆదివారం అయిపోయిన మర్నాడే అసలు పని మొదలయ్యేది. బూత్ దగ్గరికి తల్లులు ఎత్తుకొచ్చిన పిల్లలకు ఆదివారమే చుక్కలు పడేవి, ఎడమ చేతి చిటికెన వేలి గోరు మీద సిరా గుర్తు పడేది. సోమ, మంగళవారాల్లో ఆరోగ్య కార్యకర్తలు, వాళ్ల వెంట మాలాంటి వాలంటీర్లు, భుజానికి వ్యాక్సిన్ డబ్బా తగిలించుకుని, జేబులో సుద్దముక్క వేసుకుని గల్లీ గల్లీ తిరిగేవాళ్లం. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలందరికీ చుక్కలు పడ్డాయని తేలితే తలుపు పక్కన ‘పి’ అని రాసేవాళ్లం. ఒక్కరు మిగిలినా, ఇంటికి తాళం వేసి ఉన్నా, బిడ్డ అమ్మమ్మగారింటికి పోయిందన్నా, నాయనమ్మ వద్దని అడ్డం కూర్చున్నా, అక్కడ ఇంటూ గుర్తు పెట్టేవాళ్లం.

సూర్యాపేటలో నేను సుద్దముక్క పట్టుకున్న మొదటి రోజు సాయంత్రం, లెక్క చెప్పే వేళకు నాకు చాలా ఉత్సాహంగా ఉంది. ‘నూట ఇరవై ఇళ్లు అయిపోయినయక్కా’ అన్నాను మా ఏఎన్‌ఎం అక్కతో. ఆమె రిజిస్టరులోంచి తల ఎత్తలేదు. ‘అయినయి సరే తమ్మీ, ఇంటూలెన్నో చెప్పు. ఏ గల్లీ, ఏ ఇల్లు?’ అంది. నాకు గుర్తున్నవి మూడో నాలుగో. మిగతావి గుర్తు లేవు. ఆమె కోప్పడలేదు. డబ్బాలో ఐసు ఇంకా ఉందో లేదో చూసుకుని, చెప్పులు వేసుకుని, ‘పా, చూపించు’ అని లేచింది. చీకటి పడేదాకా ఆ గల్లీలన్నీ మళ్లీ తిరిగాం.

ఆ సాయంత్రం నాకు ఈ మధ్య తరచుగా గుర్తొస్తోంది. జిల్లా పేజీ తెరిస్తే సూర్యాపేటలోనో కోదాడలోనో మిర్యాలగూడలోనో ఏదో ఒక క్లబ్బు వార్త ఉంటుంది. కంటి శిబిరం, రక్తదాన శిబిరం, చలివేంద్రం, బడిపిల్లలకు నోట్‌బుక్కులు, చలికాలంలో దుప్పట్లు, కొత్త కార్యవర్గం ప్రమాణ స్వీకారం. లయన్స్ అయినా రోటరీ అయినా జూలై 1తో కొత్త సంవత్సరం మొదలవుతుంది; అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి మారతారు; పోయిన ఏడాది ఏమేం చేశామో కార్యదర్శి చదువుతాడు. ఇంతమందికి పరీక్షలు, ఇన్ని యూనిట్ల రక్తం, ఇన్ని మొక్కలు. సభ చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్లకు వాళ్లు అర్హులే. ఎండాకాలం పొద్దున ఆరింటికే లేచి చలివేంద్రం కుండలు నింపించే కిరాణా వ్యాపారిని నేనెరుగుదును. ఆదివారం కూడా విశ్రాంతి లేకుండా ఉచితంగా కళ్లు చూసే డాక్టర్లను ఎరుగుదును. వాళ్ల చెమటను తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు.

నేను అడిగేది ఒక్కటే. ఆ నివేదికలో ఇంటూల పేజీ ఎక్కడుంది?

పోలియో సంగతి ఊరికే ఎత్తలేదు. ప్రపంచంలో సేవా సంఘాలు తలకెత్తుకున్న పనుల్లో అంత పెద్దది, అంత దూరం నడిచింది మరొకటి కనిపించదు. 1985లో రోటరీ పోలియోప్లస్ మొదలుపెట్టింది. మన దేశంలో 1995 నుంచి దేశమంతటా ఒకే రోజు చుక్కలు వేయడం మొదలైంది. కోట్ల మంది పిల్లలకు వేశారు. అయినా పోలియో పోలేదు, ఏళ్ల తరబడి పోలేదు. ఎందుకంటే వైరస్ చుక్కలు పడ్డ కోట్ల మందిలో లేదు. మిగిలిన కొద్దిమందిలో ఉంది. ఇటుక బట్టీల దగ్గర, వలస కూలీల గుడారాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, పటంలో పేరు లేని బస్తీల్లో ఉంది. ఆ సంగతి గ్రహించి ఆ గుడారాల వెంట, రైళ్ల వెంట పడ్డాకే గెలిచాం. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో రెండేళ్ల పాపకు వచ్చిందే మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అది ‘పి’లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే వచ్చిన ఫలితం కాదు.

ఇప్పుడు మన కంటి శిబిరాల దగ్గరికి వద్దాం. లయన్స్ సంస్థ 1917లో షికాగోలో పుట్టింది. కంటి చూపు దాని ప్రధాన బాధ్యత కావడానికి కారణం ఒక అంధురాలు. 1925లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, సీడార్ పాయింట్ అనే చోట జరిగిన మహాసభలో హెలెన్ కెల్లర్ నిలబడి, అంధుల పక్షాన పోరాడే యోధులు కండి అని వాళ్లను అడిగింది. చూపూ వినికిడీ రెండూ లేని మనిషి అడిగిన ఆ మాటే, వందేళ్లు తిరిగేసరికి, మన కోదాడ పక్క పల్లెలో బడి వరండాలో పరీక్ష పటం వేలాడదీసిన శిబిరం దాకా వచ్చింది. ఎంత దూరం ప్రయాణం చేసిన మాట అది!

అయితే ఆ వరండాకు రానివాళ్ల సంగతేమిటి? శిబిరం ఉందని మైకులో చెప్పారు. విన్నవాళ్లలో నడవగలిగినవాళ్లు వచ్చారు. చూపు పూర్తిగా పోయినవాళ్లకు నడిపించుకొచ్చే మనిషి కావాలి. ఆ మనిషి ఆ రోజు కూలి వదులుకోవాలి. నాట్ల కాలమైతే ఎవరు వదులుకుంటారు? అలా, అందరికంటే ఎక్కువ అవసరం ఉన్నవాళ్లే గడప దాటకుండా మిగిలిపోతారు. 2018 ఆగస్టు 15న ప్రభుత్వం ‘కంటి వెలుగు’ మొదలుపెట్టి ఊరూరా పరీక్షలు చేయించినప్పుడు కూడా అద్దాల దాకా పని చకచకా సాగింది గాని, ఆపరేషన్ దగ్గర చాలామంది ఆగిపోవడం మన కళ్ల ముందే చూశాం.

కోదాడకు కొద్ది దూరంలోని పల్లెలో నాకు తెలిసిన ఒక అవ్వ ఉంది. మూడేళ్ల కింద ఒక శిబిరంలో చూసి, కుడి కంటికి శుక్లం ముదిరిందని చెప్పి, తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు. మంచి పని. పావుగంటా ఇరవై నిమిషాల పని, లోపల లెన్సు పెట్టారు, మర్నాడు కట్టు విప్పారు. మనవరాలి మొహం కనిపించిందని ఆమె ఏడ్చిందట. ఎడమ కంటికి కొన్నాళ్లాగి రమ్మన్నారు. ఆమె వెళ్లలేదు. నేను పోయినప్పుడు వాకిట్లో చేటలో బియ్యం చెరుగుతూ కూర్చుని ఉంది. తల కొద్దిగా ఎడమకు తిప్పి, కుడి కన్ను చేట మీదికి వచ్చేలా మెడ వంచి, రాళ్లు ఏరుతోంది. మెడ ఆ వంపులోనే అలవాటు పడిపోయింది. రెండో కంటికి ఎందుకు పోలేదవ్వా అంటే, ‘నా ఎంబడి వచ్చేటోళ్లెవరు బిడ్డా? ఒక్క కన్ను కనిపిస్తలేదా, సాలదా’ అంది. గూట్లో మొదటి ఆపరేషన్ నాటి చుక్కల మందు సీసా ఉంది. సగానికి పైగా అలాగే ఉంది. నాలుగైదు వారాలు వేసుకోవాల్సిన మందు అది. వేసేవాళ్లు లేక నాలుగు రోజులతో ఆగిపోయింది. కన్ను చెడిపోకపోవడం ఆమె అదృష్టం.

ఆ శిబిరం నివేదికలో ఆమె పేరు ‘ఆపరేషన్ పూర్తయినవారు’ అనే వరుసలో ఉంటుంది. మా అక్క చేతిలో రిజిస్టరు ఉంటే ఆమె ఇంటి తలుపు మీద ఇంటూ గుర్తు ఉండేది.

రక్తం విషయంలోనూ ఇంతే. మన దగ్గర రక్తదానానికి కొదవ లేదు. పుట్టినరోజుకు, వర్ధంతికి, పార్టీ జెండా పండుగకు యువకులు బారులు కట్టి ఇస్తారు. ఆ ఉత్సాహం చూస్తే కడుపు నిండుతుంది. కానీ రక్తానికి ఒక గడువుంది. ఎర్ర రక్తకణాలు ఫ్రిజ్‌లో 35 నుంచి 42 రోజులు నిలవుంటాయి, ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించవు. ఒకే వారంలో మూడు మెగా శిబిరాలు పెట్టుకుని, తర్వాత రెండు నెలలు ఎవరూ పలకకపోతే, ముందు వచ్చినది గడువు తీరి పనికిరాకుండా పోతుంది, వెనక వచ్చిన రోగికి దొరకకుండా పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలు మూసేస్తారు, ఎండకు భయపడి ఎవరూ ముందుకు రారు. తలసీమియా ఉన్న పిల్లలకు ఆ సెలవులు తెలియవు. రెండు, మూడు వారాలకోసారి వాళ్లకు రక్తం ఎక్కించాల్సిందే. ఎక్కించిన కొత్తలో చెంగుచెంగున ఎగిరే పిల్ల, రోజులు గడిచేకొద్దీ పాలిపోయి, మెట్టు ఎక్కి ఆయాసపడుతుంటే, తల్లి ఫోను పట్టుకుని తెలిసిన నంబర్లన్నిటికీ చేస్తుంది.

పద్దెనిమిది నిండి, 45 కిలోల బరువుండి, ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. అంటే మూడు పట్టణాల క్లబ్బులన్నీ ఒకచోట కూర్చుని ఏడాది పొడవునా వారాలు పంచుకుంటే చాలు. ఈ వారం మీది, వచ్చే వారం మాది. మే నెల రెండో వారం ఎవరూ అడగని వారం. అది తీసుకున్న క్లబ్బే గొప్పదని నా మనసు చెబుతుంది. ఆ వారంలో ఫ్లెక్సీ కట్టడానికి పెద్ద సందర్భమేమీ ఉండదు. ఎండ ఉంటుంది, ఒక తల్లి ఫోను ఉంటుంది, అంతే.

ఇక రోడ్డు. ఈ ముచ్చట క్లబ్బులతో మొదలుపెట్టినా వాళ్లతో ఆగేది కాదు.

సూర్యాపేట, కోదాడ రెండూ 65వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే ప్రతి బస్సూ, ప్రతి లారీ, సంక్రాంతికి ఊరెళ్లే ప్రతి కారూ మన గడప ముందు నుంచే పోతుంది. మిర్యాలగూడ ఇంకో దారి మీద, ధాన్యం లారీల రద్దీ మధ్య ఉంది. దురాజ్‌పల్లి, ముకుందాపురం, ఆకుపాముల కూడళ్ల పేర్లు చెబితే ఈ జిల్లా వాళ్లకు ముందుగా ఏం గుర్తొస్తుందో నేను వేరే చెప్పనక్కర్లేదు. ప్రతి వాడకట్టులో ఈ రోడ్డు తీసుకుపోయిన మనిషి ఒకరున్నారు.

అటువంటి రోడ్డు పక్కన నేను చూసిన ఒక దృశ్యం చెప్పాలి. మోటారు సైకిలు మీద పోతున్న ఒక కుర్రవాడు పడిపోయి ఉన్నాడు. తొడ నుంచి రక్తం కారుతోంది. చుట్టూ ఇరవై మందికి తక్కువ లేరు. పది మంది చేతుల్లో ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. ఎవరో 108కి చేశామన్నారు. అంబులెన్సు వచ్చేలోపు ఆ గాయం మీద గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుంది ఎవరో తెలుసా? పక్కన జామకాయలు అమ్ముకునే ఆమె. తన కొంగు చింపింది. ‘పట్టుకోండయ్యా ఎవలన్నా’ అని ఆమె అరుస్తుంటే ఒక్కరు ముందుకొచ్చారు. తక్కినవాళ్లు చెడ్డవాళ్లు కారు. భయం. పోలీసు కేసు అవుతుందేమో, సాక్ష్యమంటారేమో, ఆస్పత్రిలో డబ్బు కట్టమంటారేమో అని భయం.

ఆ భయానికి ఇప్పుడు ఆధారం లేదు. 2016 మార్చిలోనే సుప్రీంకోర్టు, ప్రమాదంలో సాయం చేసినవాళ్లను వేధించకూడదని మార్గదర్శకాలకు ఆమోదం తెలిపింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఎ సెక్షన్ చేర్చారు. సాయం చేసిన మనిషి మీద సివిల్ కేసూ ఉండదు, క్రిమినల్ కేసూ ఉండదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఆస్పత్రిలో నిలిపేయకూడదు, డబ్బు అడగకూడదు. 2025లో వచ్చిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితుడికి ఏడు రోజుల పాటు లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స అందాలి. 2005లో 108 అంబులెన్సు మొదలైనప్పుడు దాని నంబరు మన పిల్లలకు కూడా నోటికి వచ్చింది. ఈ చట్టం సంగతి మన రోడ్డు పక్క పంక్చర్ షాపు కుర్రవాడికి తెలుసా? చాయ్ హోటల్ వాడికి? లారీ డ్రైవరుకు?

తెలియజేయాల్సింది ఎవరు? టోల్‌గేటు బోర్డు కాదు. మనమే. దురాజ్‌పల్లి నుంచి కోదాడ అవతల రాష్ట్ర సరిహద్దు దాకా రోడ్డు పక్కన ఉన్న ప్రతి చాయ్ హోటలూ, ప్రతి పంక్చర్ షాపూ, ప్రతి పెట్రోలు బంకూ లెక్కేసి, ఒక్కో క్లబ్బు ఐదు కిలోమీటర్లు పంచుకుని, అక్కడున్న మనుషులకు గంటసేపు నేర్పితే ఎంత పని జరుగుతుంది! రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, అంబులెన్సు వచ్చేదాకా వదలకుండా పట్టుకోవాలి. తెలివి తప్పిన మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. మెడ పట్టుకుని లాగకూడదు, కాళ్లూ చేతులూ పట్టుకుని ఆటోలో విసిరేయకూడదు. శ్వాస ఆడుతూ వాంతి చేసుకుంటుంటే మెడ, నడుము ఒకేసారి తిరిగేలా పక్కకు తిప్పాలి. ఇది డాక్టరు చదువు కాదు. జామకాయలు అమ్మే ఆమెకు ఎవరూ నేర్పకుండానే సగం వచ్చు.

2024 ఆగస్టు నెలాఖరు వాన మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సెప్టెంబర్ 1 తెల్లారేసరికి కోదాడ వీధులు వాగులయ్యాయి. కార్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలంలో కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. మొదటి మూడు రోజులు ఊరంతా ఒక్కటైంది. అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు, దుప్పట్లు, బట్టలు. ఇవ్వనివాడు లేడు. నాలుగో రోజుకు నీళ్లు తీశాయి, వార్తలూ తీశాయి. గండి కింద పొలాల్లో ఇసుక మేటలు మాత్రం మిగిలాయి. ఎకరం పొలంలో మోకాలి లోతు ఇసుక ఉంటే దాన్ని తోడి పోయడానికి ట్రాక్టర్లు కావాలి, రోజులు కావాలి, డబ్బు కావాలి. అన్నం పొట్లం ఇచ్చిన చేతుల్లో ఎన్ని ఆ ఇసుక దగ్గరికి మళ్లీ వెళ్లాయి? ఈ ప్రశ్న నన్ను కూడా కలిపి అడుగుతున్నాను. నేనూ మూడో రోజుతో వెనక్కి వచ్చినవాణ్ణే.

మిర్యాలగూడను తీసుకోండి. సాగర్ కాలువ వచ్చాక పుట్టిన ఐశ్వర్యం ఆ ఊరిది. ఇంత ధాన్యం ఆడించే ఊరు దేశంలోనే అరుదు. మన ఊళ్ల నుంచి పోయే బియ్యం తినని రాష్ట్రం లేదంటారు. ఆ మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్లలో ఇప్పుడు సగం గొంతులు బిహారీ హిందీ మాట్లాడతాయి. మిల్లు ప్రహరీ లోపలే రేకుల గది, ఊక దుమ్ము, దగ్గు. వాళ్ల పిల్లలు ఏ బడి రిజిస్టరులో ఉన్నారు? వాళ్లకు దెబ్బ తగిలితే ఎవరికి చెప్పుకుంటారు? మనం నోట్‌బుక్కులు పంచే బడి గేటు దాకా ఆ పిల్లలు రారు. పోలియో రోజుల్లో మా అక్క ముందుగా అడిగేది ఇటువంటి చోట్ల గురించే. బట్టీ దగ్గరికి పోయినవా, మిల్లు వెనకకు పోయినవా అని.

ఈ నేలకు ఇది కొత్త పాఠమేమీ కాదు. క్లబ్బులు అనే మాట ఇక్కడికి రాకముందే ఇక్కడ ఊరి బాధ్యత నెత్తికెత్తుకున్నవాళ్లున్నారు. సూర్యాపేట పక్కన పిల్లలమర్రికి వెళ్లి చూడండి. ఎనిమిది వందల ఏళ్ల కింద రేచెర్ల ప్రభువులు గుళ్లు కట్టించి, శాసనాలు వేయించి పోయారు. ఆ కాలపు మనుషులు కొడుకుతో సమానంగా చెరువునూ తోటనూ సంతానమనే అన్నారు, సప్తసంతానాల్లో లెక్కపెట్టారు. సంతానమంటే కని వదిలేసేది కాదు కదా. చెరువుకు ఏటా పూడిక తీయాలి, కట్టకు మట్టి పోయాలి, తూము చూసుకోవాలి. మన రోజుల్లోకి వస్తే, 1941లో కోదాడ పక్కనే చిలుకూరులో ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ గాలి సోకిన కరివిరాల కొత్తగూడెం పిల్ల ఒకతె, పదేళ్లో పదకొండేళ్లో వయసు, భూస్వామి ఇంటి బిడ్డ, తన ఇంటి గాదెలోంచి బియ్యం తీసి వెట్టి కూలీల ఒడిలో పోసింది. ఆమే మల్లు స్వరాజ్యం. సూర్యాపేటలో పేద విద్యార్థుల కోసం హాస్టల్ నడిపిన బొమ్మగాని ధర్మభిక్షం కూడా ఈ గడ్డవాడే. హాస్టల్ నడపడమంటే ఒక రోజు అన్నదానం కాదు. ఇవాళ వండితే రేపు మళ్లీ వండాలి. పిల్లవాడు పరీక్ష పాసయ్యేదాకా వండాలి.

మన ఉమ్మడి జిల్లా పేరు మీద ఒక శాస్త్ర పద్ధతి ఉంది, చాలామందికి తెలియదు. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని జాతీయ సంస్థ నీరి 1970లలో రూపొందించిన దాన్ని ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అంటుంది. పటిక, సున్నం కొలత ప్రకారం కలిపి, తేర్చి, అడుగున మడ్డి వదిలేసి, పైనీరు వాడుకోవాలి. ఖర్చు తక్కువ. కానీ రోజూ కొలవాలి, రోజూ కలపాలి, రోజూ మడ్డి తీయాలి. రోజూ చేసే చేతులు దొరకని చోట అది మూలన పడింది. ఎముకలు వంగిపోయిన మనుషులు మాత్రం మన కళ్ల ముందే తిరిగారు. రిబ్బను కత్తిరించడానికి పిలిస్తే రానివాళ్లుండరు, మడ్డి తీయడానికి పిలవాల్సిన రోజు కూడా వస్తుంది.

ఇక చెప్పడానికి నాకు కష్టంగా ఉన్న మాటకు వస్తున్నాను.

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, ఆస్పత్రి నుంచి బయటికి వస్తున్న ఒక దళిత యువకుణ్ణి, గర్భంతో ఉన్న భార్య పక్కన ఉండగానే నరికి చంపారు. పై కులం అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడన్నదే కారణం. 2025 మార్చి 10న నల్లగొండ ప్రత్యేక కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ తీర్పుకు నెలన్నర ముందే, జనవరి నెలాఖరులో, సూర్యాపేటలో కులాంతర వివాహం చేసుకున్న మరో దళిత యువకుడు హత్యకు గురయ్యాడు. ఏడేళ్లు తిరగకుండా, మన మూడు ఊళ్లలో రెండు ఊళ్లు.

క్లబ్బు సమావేశాల్లో పార్టీ రాజకీయాలు, మత వివాదాలు చర్చించకూడదనే నియమం ఉంది. మంచి నియమం. దాని వల్లే అన్ని పార్టీలవాళ్లూ ఒక బల్ల దగ్గర కూర్చోగలుగుతున్నారు. అయితే ఒక మనిషిని కులం పేరుతో చంపడం రాజకీయమూ కాదు, మత వివాదమూ కాదు. ఊళ్లో జరిగిన ప్రమాదాల్లోకెల్లా పెద్ద ప్రమాదం అది. కాలువకు గండి పడితే ఇసుక బస్తాలు పట్టుకుని పరుగెత్తే ఊరు, ఈ గండి పడ్డప్పుడు ఇంట్లో కూర్చుని తలుపు వేసుకుంటే, పరువు పోయిందంటూ చంపినవాళ్ల వైపు జాలిగా మాట్లాడిన గొంతులు మన మధ్యే వినిపిస్తే, మన సేవ ఎవరికి? రక్తం సంచి మీద గ్రూపు పేరు తప్ప మరో పేరు రాసి ఉండదు. ఆ సంచిని పట్టుకుని ఫోటో దిగే చేతులు, తన కూతురు వేరే కులం అబ్బాయిని ఇష్టపడిందని తెలిసిన రోజు ఎలా ఉంటాయి? ఆ రోజు ఇంట్లో ఏం మాట్లాడాలో, ఆ పిల్లను ఎలా కాపాడుకోవాలో, పక్కింటి తండ్రి ఉడికిపోతుంటే భుజం మీద చెయ్యి వేసి ఎలా ఆపాలో మన సభల్లో మాట్లాడుకోవాలి. వ్యాపారులు, డాక్టర్లు, లాయర్లు, పంతుళ్లు అందరూ ఉన్న సభలు అవి. ఆ మాట అక్కడ పలికితే ఊరు వింటుంది. ఇంతవరకు పలకకపోవడమే మన తలుపుల మీద పడ్డ ఇంటూ గుర్తు.

క్లబ్బులో సభ్యత్వం లేనివాళ్లు ఈ మాటలు తమకు కావని అనుకోవద్దు. ఊరి మనస్సాక్షిని ముప్పై, నలభై మందికి అప్పజెప్పి, మిగతా వేలమందిమి పత్రికలో ఫోటో చూసి పేజీ తిప్పేస్తున్నాం. వాళ్లు మన పేరు మీద చేస్తున్నారు, మనం వాళ్ల పేరు మీద తప్పించుకుంటున్నాం. క్లబ్బు కార్యదర్శి దగ్గరికి వెళ్లి చందా ఇచ్చే బదులు, మన వాడకట్టులో మిగిలిపోయిన మనిషి పేరొకటి ఇచ్చి రండి. ఆ పేరు పక్కన మీ ఫోన్ నంబరు కూడా రాసి రండి.

కొత్త కార్యవర్గాలు ప్రమాణం చేసే రోజున, నివేదిక చదవడం అయ్యాక ఇంకో పేజీ చదవమని కోరుతున్నాను. మన దగ్గరికి రాలేనివాళ్లు, వచ్చి సగంలో ఆగినవాళ్లు, మనం మళ్లీ వెళ్లనివాళ్లు. వాళ్ల పేర్లు బయటికి చదవాల్సిన పని లేదు, పల్లె పేరు, వాడకట్టు పేరు చాలు. వచ్చే ఏడాది అదే రోజున ఆ పేజీని మళ్లీ తీసి, ఎన్ని ఇంటూలు ‘పి’లు అయ్యాయో చూసుకుందాం.

మొదటి వరుసలో రాయడానికి నా దగ్గర ఒక ఇల్లుంది. కోదాడ పక్క పల్లెలో, మెడ వంచి బియ్యం చెరిగే అవ్వది. ఎడమ కన్ను మిగిలింది. ఆపరేషన్ రోజు ఆమె ఎంబడి పోవడానికి ఒకరు కావాలి. మర్నాడు కట్టు విప్పేటప్పుడు ఒకరు కావాలి. నాలుగైదు వారాల పాటు రోజూ ఆమె గడపకు పోయి చుక్కలు వేసి రావడానికి ఇద్దరో ముగ్గురో వంతులు వేసుకోవాలి. మొదటి రోజు నేను పోతాను.